తెలుగు మీదుగా స్పానిష్: తోటి విద్యార్థికి నేర్పేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

నెల్లూరులోనో, కావలిలోనో, ఒంగోలులోనో స్పానిష్ నేర్చుకోవాలనుకునే పిల్లలు మామూలుగా ఫోన్‌లో ఒక యాప్‌తోనో, యూట్యూబ్ వీడియోలతోనో మొదలుపెడతారు. కొన్నాళ్లకి మాటలు చాలానే వస్తాయి, వాక్యం మాత్రం నోట్లోంచి రాదు. అప్పుడు పక్కన కూర్చుని మాట్లాడించే అన్నో అక్కో ఒకరు కావాలి. వాళ్లకంటే ఒక మెట్టు ముందుంటే చాలు, ఆ పని చేయొచ్చు. మీరు ఆ మెట్టు మీద ఉంటే, ఎలా మొదలుపెట్టాలో, ఎలా నడపాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. మన పిల్లలకి స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్పొద్దు, తెలుగు మీదుగా నేర్పండి. యాప్‌లు, పుస్తకాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే వివరిస్తాయి కాబట్టి మనమూ అలవాటుగా ఆ దారే పడతాం. కానీ క్రియ చివర మారే తీరు, గతకాలంలోని రెండు రకాలు, ఇష్టాలు నొప్పులు చెప్పుకునే పద్ధతి, నువ్వు-మీరు తేడా, వీటన్నిట్లో స్పానిష్ ఇంగ్లీషుకంటే తెలుగుకే దగ్గరగా ఉంటుంది. ఆ సంగతి చూపించగానే పిల్లల ముఖంలో టెన్షన్ సగం తగ్గుతుంది.

స్పానిష్ మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఏ అచ్చుని నొక్కి పలకాలో దాన్ని దీర్ఘంగా రాశాను. దీర్ఘం కనిపించిన చోట సాగదీయక్కర్లేదు, గొంతు కొంచెం బలంగా పడితే చాలు. ఇది మీ సౌకర్యం కోసమే. మీ విద్యార్థి నోట్‌బుక్‌లో మాత్రం మొదటి రోజు నుంచీ స్పానిష్ అక్షరాలే ఉండాలి.

మొదటి అడుగు: మీ సంగతి మీరు చూసుకోవడం

యూరప్ భాషా ప్రమాణంలో ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చెప్పాలంటే మీరు కనీసం ఎ2 పూర్తి చేసి ఉండాలి. అంటే వర్తమానం, రెండు గతకాలాలు తడబడకుండా వాడగలగాలి, మీ గురించి, మీ ఊరి గురించి ఐదు నిమిషాలు మాట్లాడగలగాలి. అంతకు తక్కువైతే ఇద్దరూ కలిసి చదువుకోండి. అదీ మంచి పనే, కానీ దాని పద్ధతి వేరు.

దగ్గర రెండు సాధనాలు ఉంచుకోండి. ఒకటి, స్పెయిన్ రాయల్ అకాడమీ నిఘంటువు, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండోది ఫోర్వో, ఏ మాటనైనా స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు పలికితే వినిపిస్తుంది. తెలియని ప్రశ్న వస్తే అక్కడికక్కడే ఊహించి చెప్పకండి. "చూసి రేపు చెప్తాను" అనండి, తప్పకుండా చెప్పండి. తప్పు ఉచ్చారణ ఒకసారి నోట పడితే విడిపించడానికి నెలలు పడుతుంది.

చోటు విషయం కూడా ముందే తేల్చుకోండి. కాలేజీ లైబ్రరీ, డిపార్ట్‌మెంట్ వరండా, ఖాళీ క్లాస్‌రూమ్ అయితే తలుపు తీసి ఉంచడం, ఇలా నలుగురూ తిరిగే చోటే కూర్చోండి. జూనియర్లు, ముఖ్యంగా అమ్మాయిలు వస్తున్నప్పుడు ఇంట్లో చెప్పి రమ్మనండి. వీలైతే ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టండి. మాట్లాడే భాష నేర్పడానికి ముగ్గురున్న గుంపు నిజానికి ఒక్కరికంటే మేలు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాళ్లు వింటారు, తర్వాత చోటు మారుతారు.

రెండో అడుగు: తొలి భేటీలో పాఠం చెప్పొద్దు

మొదటిసారి అడగాల్సినవి కొన్నే. ఎందుకు నేర్చుకుంటున్నావు, వారానికి ఎంత సమయం పెట్టగలవు, ఇప్పటిదాకా ఏం చేశావు. తర్వాత ఒక చిన్న పేరా ఇచ్చి పైకి చదవమనండి. మధ్యలో ఆపకుండా వినండి, ఏ శబ్దాలు తప్పుతున్నాయో రాసుకోండి. నాలుగైదు సులువైన ప్రశ్నలు స్పానిష్‌లో అడిగి చూడండి. చదవడం బాగా వచ్చి వినడం అసలు రానివాళ్లుంటారు, దానికి తిరగబడి ఉండేవాళ్లూ ఉంటారు. మీ తర్వాతి నెల పాఠాలు దీన్నిబట్టే మారతాయి.

లక్ష్యాన్ని ఒక పనిగా రాయించండి. "స్పానిష్ బాగా రావాలి" అనేది లక్ష్యం కింద లెక్క కాదు. "మూడు నెలల్లో మా ఇల్లు, మా ఊరు, నా రోజు గురించి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి" అంటే అయిందో లేదో ఎవరికైనా తెలుస్తుంది.

వెళ్లేముందు ఐదు వాక్యాలు నోటికి పట్టించండి. నొ ఎంత్యేందొ, అర్థం కాలేదు. మాస్ దెస్పాస్యొ పొర్ ఫబోర్, కొంచెం మెల్లగా. ఓత్ర బేస్, ఇంకోసారి. కోమొ సె దీసె, దీన్ని ఎలా అంటారు. కె సిగ్నిఫీక, దీని అర్థం ఏంటి. తర్వాతి క్లాసు నుంచి ఈ ఐదు సందర్భాల్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ బంద్. ఇవి వచ్చినవాళ్లు ఎక్కడైనా ఇరుక్కుంటే బిగుసుకుపోకుండా స్పానిష్‌లోనే బయటపడతారు.

మూడో అడుగు: నోరు తిప్పడం

మొదటి రెండు మూడు గంటలు శబ్దాల మీదే పెట్టండి. ఇక్కడ తెలుగువాళ్లకి ఉన్న సౌకర్యం చిన్నది కాదు.

స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడున్నా అవే శబ్దాలు. ఇంగ్లీషులో ఒకే అక్షరం మాటమాటకీ వేషం మార్చినట్టు ఇక్కడ జరగదు. తెలుగు చదివినట్టే రాసింది రాసినట్టు చదవమనండి. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి చెవికీ కొత్తగా అనిపించదు.

త, ద విషయంలో గట్టిగా ఉండండి. ఇంగ్లీషు మీడియం అలవాటుతో పిల్లలు "టూ", "డోస్" అంటారు. అది తూ, అది దోస్. స్పానిష్ త నాలుక పళ్లకి తగిలించి పలికే మన త. ట, డ అన్నవి ఆ భాషలోనే లేవు. ఈ ఒక్కటి సరిచేస్తే ఉచ్చారణ సగం బాగుపడినట్టే. ద రెండు అచ్చుల మధ్య వచ్చినప్పుడు ఇంకా మెత్తబడుతుంది, పెస్కాదొ అనే మాట ఫోర్వోలో వినిపించండి.

ఇక ర. పేరొ అంటే కానీ, పేర్రొ అంటే కుక్క. కారొ అంటే ఖరీదైనది, కార్రొ అంటే లాటిన్ అమెరికాలో చాలాచోట్ల కారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఈ ర్ర దగ్గర నానా అవస్థ పడతారు. మనవాళ్లకి గొర్రె, కర్ర, బుర్ర, వెర్రి అని నాలుగుసార్లు అనిపించి, అదే నాలుకతో పేర్రొ అనమంటే వచ్చేస్తుంది. ఒక మెలిక మాత్రం చెప్పాలి. మాట మొదట్లో ర వస్తే ఒక్కటే రాసినా గట్టిగానే ఒత్తాలి. రీయొ అంటే నది, అందులో తొలి ర అలాంటిదే.

మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇస్కూలు, ఇస్టేషను అంటారు చూడండి. స్పానిష్‌ది కూడా అదే నైజం. స-తో మొదలయ్యే జంట హల్లు ముందు ఒక అచ్చు చేరుతుంది. బడి ఎస్క్వేల, స్టేషన్ ఎస్తస్యోన్, విద్యార్థి ఎస్తుద్యాంతె. ఇంగ్లీషు నాగరికతతో ఆ ఎ మింగేసే పిల్లల చేత అది పలికించండి.

మిగతావి త్వరగా అయిపోతాయి. హెచ్ అక్షరానికి శబ్దం లేదు, ఒతేల్ అంటాం. జె అక్షరం గొంతులోంచి వచ్చే హ, ఈహొ అంటే కొడుకు. బి, వి రెండూ ఒకటే శబ్దం, ఆవుని బాక అనాలి. ఎన్ మీద అలలాంటి గీత ఉంటే న్య: మన్యాన, నీన్యొ. రెండు ఎల్ అక్షరాలు కలిసి వస్తే ఎక్కువచోట్ల య, బ్యూనస్ ఎయిర్స్‌లో ష. జెడ్‌నీ, ఇ-ఎ ముందు వచ్చే సి-నీ లాటిన్ అమెరికాలో స అంటారు, స్పెయిన్‌లో ఎక్కువ భాగంలో నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. ఏదో ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండమనండి, రెండోది విన్నప్పుడు గుర్తుపడితే చాలు.

నొక్కి పలకడానికి సూత్రం ఉంది. మాట అచ్చుతోగానీ, ఎన్-తోగానీ, ఎస్-తోగానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద ఒత్తు. ఇంకేదైనా హల్లుతో ముగిస్తే చివరి అక్షరం మీద. ఈ సూత్రం తప్పిన చోట మాట మీద గీత రాసి ఉంటుంది. ఆబ్లొ అంటే నేను మాట్లాడతాను, అబ్లో అంటే అతనో ఆమో మాట్లాడారు. పాప అంటే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప, పపా అంటే నాన్న. గీతని అలంకారం అనుకుని వదిలేసేవాళ్లకి ఈ జంటలు చూపించండి.

నాలుగో అడుగు: వ్యాకరణానికి తెలుగే నిచ్చెన

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడ పెట్టండి. పిల్లలకి "స్పానిష్ క్రియలు భయంకరం" అని ఎవరో చెప్పి ఉంటారు. బోర్డు మీద ఇలా రాయండి: మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు, మాట్లాడతాం, మాట్లాడతారు. దాని పక్కన: ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, అబ్లామొస్, ఆబ్లన్. ఎవరు మాట్లాడుతున్నారో క్రియ చివరే చెప్పేస్తోంది. అందుకే తెలుగులో ప్రతి వాక్యానికీ "నేను" అనం, స్పానిష్‌లోనూ అనరు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నవాళ్లు వాక్యం వాక్యానికీ యొ (నేను), యొ అంటూ ఉంటారు. తెలుగు వాక్యం తలుచుకోమంటే ఆ అలవాటు దానంతటదే పోతుంది. ఒక తేడా: మనకి వచ్చాడు, వచ్చింది వేరువేరు. స్పానిష్‌లో రెంటికీ బీనొ ఒక్కటే. మేము, మనం తేడా కూడా లేదు.

తర్వాత మె గూస్త. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి పేజీలకి పేజీలు ఖర్చుపెడతాయి. ఇష్టపడే మనిషి కర్తగా ఉండడు, ఇష్టమైన వస్తువే కర్త అని చెప్పడానికి వాళ్లు పడే తిప్పలవి. మనకి ఒక్క ముక్కలో అయిపోతుంది. మె అంటే నాకు. మె గూస్త ఎల్ పెస్కాదొ: నాకు చేప ఇష్టం. మామిడిపళ్లు అయితే బహువచనం, మె గూస్తన్ లొస్ మాంగొస్. మె ద్వేలె ల కబేస: నాకు తల నొప్పిగా ఉంది. నీకు తె, అతనికి-ఆమెకి లె, మాకు నొస్. ఈ "కి-కు" వాక్యాల మీద ఒక పూర్తి గంట ఆడించండి, పిల్లలు ఇంటి నుంచి కూడా వాక్యాలు పట్టుకొస్తారు. ఆకలి దగ్గర మాత్రం దారి వేరు. తేంగొ ఆంబ్రె, అంటే ఆకలిని కలిగి ఉన్నాను అన్నట్టు చెప్పాలి. దాహం, చలి, వయసు కూడా తేంగొతోనే. దీన్ని విడిగా ఒక గుంపుగా నేర్పండి.

సేర్, ఎస్తార్ అనే రెండు క్రియల తేడా అందరూ అడుగుతారు. రెండిటికీ ఇంగ్లీషులో ఒకటే క్రియ కాబట్టి అటునుంచి వెళ్తే కంఠతా పట్టడమే గతి. తెలుగులో చూడండి. "నేను విద్యార్థిని" అన్నప్పుడు క్రియే లేదు. అక్కడ సేర్: సోయ్ ఎస్తుద్యాంతె. "ఇంట్లో ఉన్నాను", "అలిసిపోయి ఉన్నాను" అన్నప్పుడు ఉన్నాను ఉంది. అక్కడ ఎస్తార్: ఎస్తోయ్ ఎన్ కాస, ఎస్తోయ్ కన్‌సాదొ. అమ్మాయైతే కన్‌సాద. మరి "ఆమె పొడుగ్గా ఉంటుంది"? ఉంది కాదు, ఉంటుంది. ఎప్పుడూ ఉండే లక్షణం కాబట్టి మళ్లీ సేర్: ఎస్ ఆల్త. "టీ వేడిగా ఉంది" ఇప్పటి స్థితి, ఎస్తార్. "మా ఊళ్లో ఒక చెరువు ఉంది" అని ఉనికి చెప్పేటప్పుడు మూడో మాట, ఆయ్. ఈ కొలత నూటికి నూరుపాళ్లూ పనిచేయదు. ఒక కార్యక్రమం ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి సేర్ వాడతారు, చనిపోయి ఉన్నాడనడానికి ఎస్తార్. అవి ఎదురైనప్పుడు చెప్పండి, మొదటి రోజే జాబితా విప్పొద్దు.

గతకాలంలో తెలుగు చేసే సాయం ఇంకా గొప్పది. కొమీ అంటే తిన్నాను, కొమీయ అంటే తినేవాణ్ణి. హుగే అంటే ఆడాను, హుగాబ అంటే ఆడేవాణ్ణి. "చిన్నప్పుడు మైపాడు బీచ్‌కి వెళ్లేవాళ్లం, ఒకరోజు పెద్ద తాబేలు చూశాం" అనే వాక్యం ఇచ్చి, ఏ క్రియకి ఏ రూపమో అడగండి. "వెళ్లేవాళ్లం"కి ఒకటి, "చూశాం"కి ఇంకొకటి అని ఎవరూ చెప్పకుండానే చెప్తారు. దాని తర్వాతే రూపాల పట్టిక తెరవండి. అర్థం ముందు కుదిరితే పట్టిక బరువనిపించదు.

ఇంకొకటి చాలామంది ట్యూటర్లు గమనించరు. పుస్తకం వెతుకుతున్నా అంటాం, తమ్ముణ్ణి వెతుకుతున్నా అంటాం. మనిషికి "ని" పెడతాం, వస్తువుకి చాలాసార్లు వదిలేస్తాం. స్పానిష్‌లో బూస్కొ ఎల్ లీబ్రొ, కానీ బూస్కొ అ మి ఎర్మానొ. మనిషి ముందు ఆ చిన్న "అ" వచ్చి చేరుతుంది. ఇంగ్లీషులో ఇలాంటిది లేదు కాబట్టి పుస్తకాలు దీన్ని వింతగా చెప్తాయి. మనకి వింత ఏమీ లేదు.

తెలుగు సాయం చేయని చోట్లు కూడా నిజాయితీగా చెప్పాలి. మొదటిది, వస్తువులకి లింగం. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అంటే మన పిల్లలకి అర్థం లేని మాట. హిందీ బాగా చదివినవాళ్లకి ఆ భావన తెలుసు, దాన్ని గుర్తుచేయండి. లేనివాళ్లకి ఒకటే నియమం: నోట్‌బుక్‌లో ఒక్క నామవాచకం కూడా దాని ముందు వచ్చే ఎల్ (పుంలింగానికి), ల (స్త్రీలింగానికి) లేకుండా రాయొద్దు. ల మేస, ఎల్ లీబ్రొ. ఒ-తో ముగిస్తే పుంలింగం, అ-తో ముగిస్తే స్త్రీలింగం అనేది మొదటి అంచనా. ఎల్ ప్రొబ్లేమ, ఎల్ దీయ, ఎల్ మాప, ల మానొ దానికి లొంగవు. రెండోది, విశేషణం చాలావరకు నామవాచకం వెనకాల వస్తుంది: తెల్ల ఇల్లు కాస బ్లాంక. మూడోది, మన విభక్తులు మాట చివర ఉంటే వాళ్లవి మాట ముందుంటాయి. ఇంట్లో, ఎన్ కాస. అమ్మతో, కొన్ మి మాద్రె. క్రియ కూడా చివర ఉండదు, మధ్యలోకి వస్తుంది. ఈ మూడింటికీ వివరణ అక్కర్లేదు, నోటి అభ్యాసం కావాలి. తెలుగు పదబంధం మీరు అనండి, స్పానిష్ వాళ్లు అనాలి, వేగంగా, రోజూ ఐదు నిమిషాలు.

నువ్వుకి తూ, మీరుకి ఉస్తేద్. ఎవరితో ఏది వాడాలో మన పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. క్రియ మాత్రం ఉస్తేద్‌తో అతను-ఆమె రూపమే వాడాలి, ఆ ఒక్కటి గుర్తుచేయండి.

ఐదో అడుగు: గంట ఎలా గడపాలి

మొదటి పది నిమిషాలు స్పానిష్‌లో కబుర్లు. నిన్న ఏం చేశావు, ఏం తిన్నావు, బస్సు దొరికిందా. తర్వాత పది నిమిషాలు పోయిన వారం సంగతి, పుస్తకం మూసి. ఇరవై నిమిషాలు కొత్త విషయం ఒక్కటే, రెండు పెట్టకండి. పదిహేను నిమిషాలు ఆ కొత్త విషయాన్ని వాడక తప్పని ఒక పని. చివరి ఐదు నిమిషాలు ఇంటిపని.

పని అంటే ఇలాంటిది. పినాకిని ఎక్స్‌ప్రెస్ టైమ్‌టేబుల్ తీసుకోండి. ఒకరు నెల్లూరు స్టేషన్లో ప్రయాణికుడు, ఇంకొకరు కౌంటర్లో మనిషి. రైలు ఎన్నింటికి, ఒంగోలుకి ఎప్పుడు చేరుతుంది, టికెట్ ఎంత, కిటికీ సీటు ఉందా. అంకెలు, గంటలు, మర్యాద రూపాలు అన్నీ ఒకేసారి నలుగుతాయి. ఇంకొంచెం ముందుకెళ్లినవాళ్లకి రొట్టెల పండుగ ఇవ్వండి. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకి వచ్చినవాళ్లు రొట్టెలు ఎలా మార్చుకుంటారో, కోరిక తీరినవాళ్లు మళ్లీ ఏం తెస్తారో, నెల్లూరు పేరు కూడా వినని ఒక మెక్సికో స్నేహితురాలికి వివరించాలి. తమకి బాగా తెలిసిన విషయం కాబట్టి పిల్లలు మాటల కోసం వెతుకుతారు. ఆ వెతుకులాటలో దొరికిన మాట నిలబడుతుంది.

మీ నోరు తగ్గించుకోండి. గంటలో సగానికి పైగా విద్యార్థి గొంతే వినిపించాలి. ప్రశ్న అడిగాక మౌనంగా ఉండటం చాలా కష్టం, కానీ ఉండండి. వాళ్లు లోపల వాక్యం కట్టుకుంటున్నారు. "అర్థమైందా?" అని అస్సలు అడగకండి. మనవాళ్లు మర్యాద కొద్దీ "ఆ, అయిందన్నా" అంటారు. బదులుగా "మీ నాన్న గురించి ఇలాంటి వాక్యం ఒకటి చెప్పు" అనండి. అర్థమైందో లేదో ఆ వాక్యమే చెప్తుంది.

ఆరో అడుగు: తప్పు దిద్దడం

కొత్త రూపం అభ్యాసం చేసేటప్పుడు వెంటనే ఆపండి. కథ చెప్తున్నప్పుడు, కబుర్లాడుతున్నప్పుడు ఆపకండి. కాగితం మీద రాసుకుని చివర్లో రెండో మూడో చూపించండి, అంతకంటే వద్దు. ముందు వాళ్లనే దిద్దుకోనివ్వండి. తప్పున్న వాక్యం రాసి "ఇందులో ఒకటి కుదరలేదు, చూడు" అంటే చాలాసార్లు దొరకబుచ్చుకుంటారు. దొరక్కపోతే తెలుగు వాక్యం అడగండి. "తినేవాణ్ణా, తిన్నానా?" అన్న ప్రశ్నకి జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.

గుంపులో ఒకరు తప్పు మాట్లాడితే మిగతావాళ్లు నవ్వే అలవాటు ఉంటే మొదటి రోజే ఆపండి. ఒకసారి నవ్వులపాలైన పిల్ల మళ్లీ నోరు తెరవడానికి వారాలు పడుతుంది. సిగ్గుపడేవాళ్లకి ముందు వాయిస్ మెసేజ్‌లో చెప్పే అవకాశం ఇవ్వండి, ఎదురుగా మాట్లాడటం తర్వాత వస్తుంది.

అసైన్‌మెంట్ మీరు రాసివ్వకండి. "అన్నా, రేపే సబ్మిట్ చేయాలి, ఈ ఒక్కసారికి" అని వస్తారు. పక్కన కూర్చోండి, అడగండి, నిఘంటువు చూడటం నేర్పండి. పెన్ను మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి.

ఏడో అడుగు: మన చుట్టూ ఉన్న మాటలు

యాప్‌లు నేర్పే మాటల్లో మనకి పనికిరానివి బోలెడు ఉంటాయి. ముందు తమ జీవితంలోని మాటలు ఏరుకోమనండి. ప్వేర్తొ రేవు, కృష్ణపట్నం గురించి చెప్పడానికి. అర్రోస్ బియ్యం, ఎస్తాంకె చెరువు, మెర్కాదొ బజారు. ఒంగోలు వైపువాళ్లకి తబాకొ పొగాకు, తోరొ గిత్త, గ్రనీతొ అంటే చీమకుర్తి రాయి.

రొయ్యకి లాటిన్ అమెరికాలో కమరోన్ అంటారు, స్పెయిన్‌లో గాంబ అనే మాట ఎక్కువ వింటాం. ఒకే వస్తువుకి దేశాన్నిబట్టి పేరు మారుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నెల్లూరు పిల్లలకి దొరకదు. ఎందుకంటే రొయ్యల ఎగుమతిలో మనకి పెద్ద పోటీదారు ఈక్వెడార్, అక్కడి భాష స్పానిష్. 2009 నుంచి మన దేశంలో సాగుకి అనుమతి పొందిన వనామీ రకం రొయ్య కూడా మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిదే. ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివే విద్యార్థి ఈక్వెడార్ రైతులు చెరువు నిర్వహణ గురించి స్పానిష్‌లో పెట్టే వీడియోలు అర్థం చేసుకోగలిగితే, అది చదువుకి నేరుగా అందే లాభం.

ఇంట్లో "స్పానిష్ దేనికమ్మా, ఇంగ్లీషే సరిగ్గా రాదు" అనే ప్రశ్న తప్పదు. విద్యార్థికి జవాబు లేకపోతే రెండు వారాల్లో మానేస్తుంది, కాబట్టి ఆ జవాబు తయారుచేయడం కూడా మీ పనే అనుకోండి. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పకండి, అది అబద్ధం. నిజాలు చాలానే ఉన్నాయి. 20 దేశాల్లో అధికార భాష. మన ఒంగోలు జాతి పశువులు నెలోర్ పేరుతో బ్రెజిల్‌లోనే కాదు, స్పానిష్ మాట్లాడే పరాగ్వే, బొలీవియాల్లోనూ మందలుగా పెరుగుతున్నాయి. బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వల్ల రాయలసీమ పల్లెలకీ స్పెయిన్‌కీ దశాబ్దాల సంబంధం ఉంది. ఈ సంగతులు పెద్దవాళ్లు ఆసక్తిగా వింటారు.

ఎనిమిదో అడుగు: మధ్య రోజులు

వారానికి రెండు గంటలు కూర్చుంటే మిగతా ఐదు రోజుల్లోనే మర్చిపోతారు. రోజుకి ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపమనండి. ఇవాళ ఏం జరిగిందో స్పానిష్‌లో చెప్పాలి, రాసుకుని చదవకూడదు. మీరు ముప్పై సెకన్లలో స్పానిష్‌లోనే బదులివ్వండి, అందులో వాళ్ల తప్పు రూపాన్ని సరైన రూపంలో మామూలుగా వాడండి. మాటలు గుర్తుపెట్టుకోవడానికి అంకీ లాంటి కార్డుల యాప్ బాగుంటుంది. కార్డు మీద ఒంటరి మాట కాకుండా తమ సొంత వాక్యం రాయమనండి.

తొమ్మిదో అడుగు: పరీక్షకి

చాలామంది అడిగేది డెలె, అంటే స్పానిష్ ఎంత వచ్చో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ దీన్ని నిర్వహిస్తుంది, మన దేశంలో దాని కేంద్రం ఢిల్లీలో ఉంది. సర్టిఫికెట్‌కి కాలపరిమితి లేదు. ఎ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు. చదవడం-రాయడం ఒక జత, వినడం-మాట్లాడటం ఇంకో జత. ఒక్కో జతలో 50కి 30 రావాలి. ఒకదాంట్లో 45 వచ్చి రెండోదాంట్లో 28 వస్తే పాస్ కాదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రెండో జతలో. కాబట్టి తయారీ అంతా ప్రశ్నపత్రాలు నింపడంతో గడిపేయకండి. ఆడియో రెండుసార్లు వినిపిస్తారు, ఇంట్లో కూడా రెండేసార్లు వినమనండి, మూడోసారి ఆడియో రాతప్రతి చూస్తూ. మాట్లాడే పరీక్షలో తమ పరిచయం, ఒక అంశం మీద కాసేపు మాట్లాడటం, తర్వాత పరీక్షకుడితో సంభాషణ ఉంటాయి. పరిచయం బట్టీ పట్టకుండా రోజుకో రకంగా చెప్పించండి. డబ్బు కట్టే ముందు ఆ ఏడాది పరీక్ష కేంద్రాలు, తేదీలు సెర్వాంతెస్ వెబ్‌సైట్‌లో చూసుకోమనండి. మనవైపు నుంచి ప్రయాణం, బస ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

మీ విద్యార్థి ఎ2 దాటి "నువ్వు రావాలని కోరుకుంటున్నా" లాంటి వాక్యాల దాకా వచ్చి, అక్కడ క్రియ ఎందుకు రూపం మార్చుకుంటోందని అడుగుతుంటే, అప్పటికి మీ ఇద్దరి స్థాయీ దాదాపు ఒకటే. అప్పుడు సరైన గురువు దగ్గరికి పంపండి. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్ కోర్సులున్నాయి, సెర్వాంతెస్ ఆన్‌లైన్ తరగతులూ ఉన్నాయి. అడ్మిషన్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు నింపడానికి పక్కన కూర్చోండి. అప్పటిదాకా విద్యార్థి పంపిన వాయిస్ మెసేజ్‌లు ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇవ్వండి. ఏ తప్పులు ఎప్పుడు పోయాయో, ఏవి ఇంకా ఉన్నాయో కొత్త గురువుకి వాటిని వింటే తెలిసిపోతుంది.